పోయిన శెట్టిగారి కొట్టు తెరిచే ఉంది

గ్రంధి నాగలింగం ఆటల వ్యాపారంలోకి దిగేనాటికి అతని చేతిలో ఉన్నవి ఇవి: రాజమండ్రి గిన్నెల బజారులో మలుపు మీద ఒక కొట్టు, దాని వెనక సందులో ఒక గోడౌను, రెండో కొట్టు పెట్టడానికని ఏళ్ళ తరబడి కూడబెట్టిన రొక్కం, ముందు ధర తను చెప్పకుండా అవతలివాడి చేత చెప్పించే నోరు, "మా ఆయన బేరానికి తిరుగుండదు" అని పదిమందిలో చెప్పుకునే భార్య. ఇన్ని ఉన్నవాడికి ఇంకేం కావాలంటారా? పేరు కావాలి. నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాడికి వచ్చే రోగాల్లో మొదటిది అదే. మందు దొరకదు గాని ఖర్చు మాత్రం బాగా అవుతుంది.

గోడౌను మేడ మీద హిమజ అనే ఆవిడ అద్దెకుండేది. కాకినాడలో కాలేజీ ఉద్యోగం మానేసి, తనలాంటి వాళ్ళనే నలుగురిని వెంటేసుకొచ్చి, కంప్యూటర్లో ఆడే ఆటలు తయారుచేసేది. ఆడేవాడు ఒక వీరుడి వేషంలో కథలోకి దిగాలి. ఊళ్ళు తిరగాలి, కత్తులు కొనుక్కోవాలి, రాక్షసుల్ని చంపాలి, చివరికి రాజ్యం గెలవాలి. అద్దె అడుగుదామని మేడెక్కిన నాగలింగానికి ఒకనాడు తెర మీద ఒక కత్తి అమ్ముడవడం కనిపించింది.

"ఏంటమ్మా అది?"

"పాత ఆటండీ. ఎవరో కత్తి కొన్నారు. నూటనలభై."

"నిజం డబ్బులేనా?"

"నిజం డబ్బులేనండి."

"మరి కత్తి?"

"కత్తి నిజం కాదు కదండీ."

నాగలింగం అక్కడే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అతను అమ్మిందల్లా బరువైన సరుకు. లారీ కిరాయి, హమాలీ కూలి, సొట్టలు, చిలుం, కొత్త మోడలు వస్తే పాతవి పేరుకుపోవడం, ఇవన్నీ పోగా మిగిలేది లాభం. ఇక్కడ తూకమే లేని సరుకు! ఒక్కసారి చేసి ఎన్నిసార్లయినా అమ్ముకోవచ్చు. గోడౌను అక్కర్లేదు. ఇన్నాళ్ళూ తను అనవసరంగా ఇత్తడి మోశానని అతనికి మనసులో కించిత్తు బాధ కూడా కలిగింది.

హిమజకి కొత్త ఆట కోసం పెట్టుబడి కావాలి. బ్యాంకువాళ్ళు "తాకట్టు ఏముంది?" అని అడిగి, "ఆటలో పొగరాకాసి అనే రాక్షసుడు ఉన్నాడండి" అంటే పంపించేశారు. నాగలింగం రెండో కొట్టు డబ్బు మొత్తం పెడతానన్నాడు. షరతు ఒక్కటే.

"ఆటలో కత్తులమ్మే కొట్టు నాదవ్వాలమ్మా. నా పేరు, నా మొహం, నా మీసం. బోర్డు మీద డోర్ నంబరూ, ఫోన్ నంబరూ కూడా పడాలి."

"రాక్షసుల రాజ్యంలో డోర్ నంబరేంటి బాబాయిగారూ?"

"కత్తి కొన్నవాడికి రేపు పెళ్ళయితే గిన్నెలక్కర్లేదా? ప్రకటన కింద పడుంటుంది, వెయ్యి."

వేసింది. 'వజ్రశృంగం' అనే ఆ ఆటలో, కొండలూ కోటలూ గండభేరుండ పక్షులూ ఉన్న రాజ్యం నడిమధ్యన, తెల్ల చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని నాగలింగం కౌంటరు వెనక నిలబడ్డాడు. వీరుడు గుమ్మం తొక్కగానే "చూడ్డానికి డబ్బుల్లేవు, ముట్టుకుంటే బేరమే" అనేవాడు. గొంతు కూడా అతనిదే.

అయితే ఆ ఆట రెండో ఘట్టం రాసినాయనకీ నాలుగో ఘట్టం రాసినాయనకీ టీ గ్లాసులు ఎవరు కడగాలన్న విషయంలో మాటల్లేవు. అందుచేత రెండో ఘట్టంలో పొగరాకాసి బజారు తగలబెడితే, కత్తుల కొట్టు శెట్టిగారు వీరుడి ఒళ్ళో తల పెట్టుకుని, "బాబూ, కొట్టు జాగ్రత్త" అని కన్నుమూస్తాడు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నాలుగో ఘట్టంలో అదే వీరుడు అదే బజారుకి వస్తాడు. కొట్టు తెరిచే ఉంటుంది. "చూడ్డానికి డబ్బుల్లేవు" అంటూ శెట్టిగారు కౌంటరు తుడుస్తుంటాడు.

ఆట విడుదలైన వారంలోనే జనం ఇది పట్టేశారు. పట్టేసి తిట్టలేదు, మురిసిపోయారు. 'చచ్చినా కొట్టు కట్టెయ్యని శెట్టిగారు' అని నాగలింగం బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. శెట్టిగారి చావు ఒకసారి, చచ్చినాయన దగ్గర బేరం ఒకసారి చూడ్డానికే ఆట కొన్నవాళ్ళున్నారు.

హిమజ సిగ్గుతో చచ్చిపోయింది. "కథలో పొంతన తప్పింది బాబాయిగారూ. రేపే సరిచేసేస్తాం."

"ఆగమ్మా ఆగు. తప్పు అమ్ముడుపోతున్నంత కాలం దాన్ని తప్పనరు, సరుకంటారు."

ఆ సరుకు మీద మూడు నెలలు బాగా గడిచాయి. రెండో కొట్టు డబ్బు వెనక్కి రావడమే కాదు, ఇంకో కొట్టుకి సరిపడా కూడా తెస్తుందని నాగలింగం ధైర్యంగా ఉన్నాడు.

ఆ రోజుల్లోనే రాజధానిలో ఒక పెద్దమనిషికి విశ్రాంతి కోసం ఏదో ఆట ఆడే అలవాటయింది. అందులో ఆయన ఎంతో శ్రమపడి ఒక దుష్టరాణిని చంపాడు. కొంతసేపటికి అదే రాణి ఆయన్ని విందుకి పిలిచి, దగ్గరుండి వడ్డించింది. ఆయన మనసు గాయపడింది. మర్నాడు ఏదో వంతెన ప్రారంభోత్సవంలో, వంతెన సంగతి వదిలేసి, "కథల్లో పొంతన లేని జాతి ముందుకు పోజాలదు" అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు గనక ఉత్తర్వు వెలువడింది. 'క్రీడాకథా పొంతన మండలి' ఏర్పాటైంది. పొంతన ధ్రువపత్రం లేని ఆట రాష్ట్రంలో అమ్మరాదు. విచారణలో ఉన్నవాటికి మాత్రం అది తేలేదాకా గడువు.

మండలికి సిబ్బంది కావాలి. కొత్త ఉద్యోగాలివ్వడానికి ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు. "పొంతన చూచుటలో పూర్వానుభవము గల విభాగమేదైనా ఉన్నదా?" అని ఫైలు మీద రాసింది. ఫైలు అన్ని శాఖలూ తిరిగి, చివరికి ఒక సమాధానంతో వచ్చింది. ఉన్నది. సామూహిక వివాహాల విభాగంలో వధూవరుల జాతకాలకు పొంతన చూచువారు కలరు. ఆ ఏడు సామూహిక వివాహాలు రద్దయి, వాళ్ళంతా ఊరికే కూర్చుని ఉన్నారు కూడా.

అలా, జాతకాల మీద చెయ్యి తిరిగిన చెరుకుపల్లి దక్షిణామూర్తిగారు మండలి అధ్యక్షులయ్యారు. నాగలింగానికీ హిమజకీ మొదటి నోటీసు వచ్చింది.

విచారణ రోజున అధ్యక్షులవారు పంచాంగం పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

"సదరు నాగలింగము అను పాత్ర జన్మరాశి?"

హిమజ వినయంగానే చెప్పబోయింది. "అయ్యా, పాత్రలకి రాశులుండవండి. ఇక్కడ పొంతన అంటే కథలో ముందు జరిగినదానికీ తర్వాత జరిగినదానికీ..."

"అమ్మా! కుదురుట, కుదరకపోవుట గురించి మాకు తెలుపనక్కరలేదు. మేము కుదిర్చిన జంటలు ఈ రాష్ట్రంలో ఏ రైలెక్కినా ఒకటి తగులును. రాశి?"

"మేషం అండి" అన్నాడు నాగలింగం. ధర అడిగినప్పుడు తడుముకున్నవాడు మునుగుతాడని అతని నమ్మకం.

"పొగరాకాసిది?"

"కన్య అండి."

హిమజ అతని వైపు అదోలా చూసింది. అధ్యక్షులవారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ముఖం విప్పారగా అన్నారు: "షష్ఠాష్టకం! వీరిరువురికీ పొసగనే పొసగదు. చావు సమంజసమే. రెండవ ఘట్టమునకు మండలి ఆమోదము. ఇక నాలుగవ ఘట్టము. మరణము సంభవించిన ఇంట కొట్టు తెరిచి యున్నది. మైల ఏది?"

"అసలు పోయినాయనే కొట్టు తెరిచాడు కదండీ, ఇంక మైల ఎవరు పట్టాలి?" అంది హిమజ.

"అది మీ సంస్కారమునకు సంబంధించిన విషయము."

నాగలింగం ఆమె చెయ్యి నొక్కి ముందుకు జరిగాడు. ఎక్కడ బేరం తెగుతుందో అతనికి వాసన తెలుస్తుంది. "అయ్యా, తమరు పెద్దలు. మైల తీరాక కొట్టు తెరిస్తే ఏమైనా అభ్యంతరమాండీ?"

"ఉండనేరదు."

"ఎవరు తెరిచినా?"

అధ్యక్షులవారు పంచాంగం తిరగేశారు. "మైల ఎన్నిదినములో శాస్త్రము చెప్పినది గాని, కౌంటరులో ఎవరు కూర్చుండవలెనో చెప్పలేదు. పదకొండవ నాడు ఎవరైనను కూర్చుండవచ్చును."

బయటికొచ్చాక నాగలింగం చెరుకురసం తాగించాడు. "చూశావా అమ్మా? చచ్చినవాడు కొట్టు తెరవడానికి గవర్నమెంటు పర్మిషను తెచ్చాను. పది రోజులు ఆగితే చాలు."

"తప్పు అలాగే ఉండిపోయింది బాబాయిగారూ. దానికి మైల కూడా కలిసింది."

ఆమె మాట నాగలింగం చెవికెక్కలేదు. బేరం గెలిచినప్పుడు అతనికి వినపడదు.

కొద్దిరోజులకి మండలి వారి వివరణ వచ్చింది. "ఆటలో రోజు అనగా పంచాంగములో రోజే. వేరు రోజు లేదు." అంటే నాలుగో ఘట్టానికి చేరిన ఆటగాడు, శెట్టిగారి మైల తీరేదాకా నిజంగా పది రోజులూ ఇంట్లో కూర్చోవాలి. తెర మీద కొట్టు తలుపులు మూసి ఉంటాయి. గుమ్మం ముందు ఒక దీపం. వీరుడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు.

దాని వెనకే ఇంకొకటి. అధికారులు ఉత్సాహం మీదున్నారు. "వీరుడు వర్జ్యములో బయలుదేరుట గమనించడమైనది. ఇకపై ముహూర్తము చూచి కదలవలెను. మంగళవారము ఉత్తర దిక్కునకు రాక్షస సంహారయాత్ర నిషిద్ధము." పొగరాకాసి ఉన్నది ఉత్తరానే. హిమజ బృందం పంచాంగమంతా ఆటలో ఎక్కించింది. మాట్లాడుకోని ఆ ఇద్దరు రచయితలకీ మాటలు కలిశాయి. ఇద్దరూ కలిసి రాజీనామా చేశారు.

ఆడేవాళ్ళ ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకాయన రాశాడు: "కత్తి సిద్ధం, నేను సిద్ధం, రాకాసి కూడా పాపం కోట గుమ్మంలోనే నిలబడ్డాడు. ముహూర్తమే లేదు. మాఘం దాకా మేమిద్దరం ఏం చెయ్యాలి?" అమ్మకాలు పల్చబడ్డాయి. హిమజ దిగులుగా మెట్లు దిగొచ్చి చెప్పినప్పుడల్లా నాగలింగం "మైల తీరాక గిరాకీ ఒక్కసారిగా విరుచుకుపడుతుందమ్మా, పెళ్ళిళ్ళ సీజన్లాగా" అనేవాడు.

గిరాకీ విరుచుకుపడింది గాని ఆటలో కాదు. ఒక సాయంత్రం ఇంజనీరింగు కాలేజీ పిల్లలు గుంపుగా గిన్నెల బజారుకొచ్చారు. ఆటలో కొట్టు మూసుంది, బోర్డు మీద డోర్ నంబరుంది, పట్టుకుని వచ్చేశారు.

"అక్కడ మైల కదండీ శెట్టిగారూ, ఇక్కడ తెరిచారుగా. పొగరాకాసిని చంపే కత్తుందాండి?"

"అట్లకాడ ఉంది బాబూ. స్టీలుది."

"చచ్చినవాళ్ళు రేటు తగ్గించరాండి?"

"బతికున్నవాళ్ళకే తగ్గించలేదు, చచ్చాక ఎక్కణ్ణుంచి తగ్గిస్తాను?"

అట్లకాడలు అమ్ముడయ్యాయి. నాగలింగంతో ఫోటోలు దిగారు. ఆ ఫోటోలు ఊరంతా తిరిగి, తిరగాల్సిన చోటికి కూడా తిరిగాయి. రెండో నోటీసు వచ్చింది.

ఈసారి అధ్యక్షులవారి బల్ల మీద పంచాంగంతో పాటు నాగలింగం అట్లకాడ పట్టుకున్న ఫోటో ఉంది.

"పేరు అదే. మీసము అదే. డోర్ నంబరు అదే. కథలో ఈయన మృతుడు. మైల నడుచుచున్నది. గిన్నెల బజారులో ఈయనే వ్యాపారము చేయుచున్నాడు. ఇది పొంతన తప్పు కాక మరేమి?"

"అయ్యా, అది ఆటండీ. నేను బతికున్నానండి."

"మీరు బతికియున్నారన్నది మీ వాదన. దానిపై మండలి ఎట్టి వ్యాఖ్యా చేయదు. ఫైలులో ఉన్నది మరణము."

హిమజ లేచింది. "అయ్యా, ఒక్కమాట. ఆ పాత్ర పేరూ మొహం మార్చేస్తాం. కొత్త మనిషిని పెడతాం. అతను రెండో ఘట్టంలో పోడు. పోకపోతే మైల లేదు, కొట్టు తెరిచే ఉంటుంది."

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సవ్యముగా నున్నది. అట్లు చేసిన పక్షమున ధ్రువపత్రము నేడే ఇవ్వగలము."

హిమజ నాగలింగం చెవిలో అంది: "ఒప్పేసుకోండి బాబాయిగారూ. ఆట బతుకుతుంది. మీ రెండో కొట్టు డబ్బు మీకొచ్చేస్తుంది. దండం పెడతాను."

లెక్క ప్రకారం ఇది ఒప్పుకోవలసిన బేరం. చిన్న వస్తువు వదులుకుంటే పెద్ద వస్తువు దక్కుతుంది. ఇదే బేరం వేరేవాళ్ళకొచ్చి, సలహా అడిగితే, నాగలింగం చీవాట్లు పెట్టి మరీ ఒప్పించేవాడు. కాని ఎక్కడెక్కడివాళ్ళో తన మీసాన్ని గుర్తుపడుతున్నారు. పార్వతీపురం నుంచి ఒకతను ఫోన్ చేసి "శెట్టిగారూ, మీరు పోయినప్పుడు ఏడ్చానండి" అన్నాడు. గిన్నెలమ్మితే ఆ మాట వస్తుందా?

"పేరు ఉంచాలంటే ఏం చెయ్యాలండీ?" అన్నాడు.

హిమజ కళ్ళు మూసుకుంది.

"పేరు నిలవవలెనన్న మనిషి పోవలెను" అన్నారు అధ్యక్షులవారు. "ఇది లోకరీతి. మండలి కొత్తగా కనిపెట్టినది కాదు. అచట మైల ఉన్నన్నాళ్ళు ఇచటను కొట్టు మూయవలెను. పదకొండవ నాడు దినకార్య భోజనము యథావిధిగా జరుపవలెను. మా తనిఖీ అధికారి సుదర్శనంగారు వచ్చి పరిశీలింతురు."

"పెద్దవాళ్ళు, భోజనాలు కాస్త తగ్గించండి" అన్నాడు నాగలింగం అలవాటుకొద్దీ.

"వందమందికి తగ్గరాదు."

"యాభై చేద్దాం."

"డెబ్బది అయిదు. ఇంక వలదు."

ఈ బేరం కూడా తనే గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాడు.

భార్య రాజరత్నం అన్నీ విని, చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. "అయితే మీరు పోయారన్నమాట."

"కాయితాల్లోనేనే."

"మరి నా బొట్టు సంగతేం రాశారు ఆ కాయితాల్లో?"

నాగలింగం అంత బేరంలో అది అడగడం మర్చిపోయాడు.

"అడిగొస్తారేమో, అడక్కండి. నేనిచ్చేది లేదు" అంది ఆవిడ. "ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడికి పేరు రావాలని నోములు నోస్తారు. నాకొచ్చింది చూడండి! ఇన్నాళ్ళూ మీ బేరానికి తిరుగులేదని చెప్పుకుని తిరిగాను. నోరు కడుక్కోవాలి."

"గారెలు వండాలేమోనే, దినానికి."

"పుట్టినరోజుకీ గారెలే, పెళ్ళికీ గారెలే, తద్దినానికీ గారెలే. గారెకేం తెలుసు? నేను మీ పుట్టినరోజనుకునే వండుతాను. ఆ వచ్చే పెద్దమనిషి ఏమనుకుని తింటాడో ఆయనిష్టం."

నాగలింగం కొట్టు షట్టరు దించాడు. అతని తండ్రి పోయిన రోజున కూడా సగమే దించిన షట్టరది. పది రోజులూ ఇంట్లో కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలిచాడు. వీధిలోకి వెళ్ళకూడదు. ఫోను ఎత్తకూడదు. పోయినవాడు ఫోనెత్తితే పొంతన తప్పుతుంది. పెళ్ళిళ్ళకి బిందెలూ గంగాళాలూ కొనాల్సినవాళ్ళంతా మూసిన షట్టరు చూసి, ఎదురు కొట్టులోకి వెళ్ళారు. రాజరత్నం పొద్దున్నే కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "పోయినాయన కాఫీ తాగొచ్చో లేదో కనుక్కున్నారా?" అని అడిగేది. కనుక్కోలేదు. తాగేవాడు.

పదకొండో నాడు పందిరి వేశారు. చుట్టాలూ బజారువాళ్ళూ వచ్చారు. వచ్చినవాళ్ళకి ఎలాంటి మొహం పెట్టాలో తెలియక కొందరు నవ్వాపుకుంటూ, కొందరు నిజంగానే దిగులుగా వచ్చారు. తనిఖీ అధికారి సుదర్శనంగారు మనుషుల్ని లెక్కపెట్టి, విస్తళ్ళు చూసి, ఒక గారె కొరికి, బాగుందన్నట్టు తల ఊపారు. నాగలింగం వడ్డనకి లేవబోతే, "మీరు కదలరాదు. మీరు లేరు" అని కుర్చీలో కూర్చోబెట్టారు.

భోజనాలయ్యాక ఆయన నిబంధనలు తిరగేసి అన్నారు: "సంతాప వచనములు. మృతునితో చిరకాల పరిచయము గల వ్యాపారి ఒకరు మాట్లాడవలెను."

అందరూ ఎదురు కొట్టు పచ్చిపులుసు కొండలరావు వైపు చూశారు. కొండలరావు నాగలింగానికి ఈడువాడు, పోటీదారు. గిరాకీ నాగలింగం కొట్టు మెట్లెక్కుతుంటే, ఎదురుగుండా నుంచి వినపడేలా "ఇంటికెళ్ళాక ఓసారి తూచుకోండమ్మా" అనడం అతనికి రోజువారీ పని. ఇద్దరికీ పలకరింపులు పోయి చాలా కాలమైంది.

కొండలరావు లేచి, కండువా సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, నాగలింగాన్ని కాకుండా అతని తల మీదుగా గోడని చూస్తూ మొదలుపెట్టాడు.

"నాగలింగం... మంచోడండి. పోయినోళ్ళ గురించి అబద్ధం ఆడకూడదు గనక చెబుతున్నాను. ఆయన కసుర్లూ, గీచి గీచి బేరాలాడ్డం, ఆ మీసం, అవన్నీ ఉన్నాయి. కాని తూకం మాత్రం... తూకంలో ఏనాడూ చెయ్యి పెట్టలేదండి. ఇత్తడి తూచినా, రాగి తూచినా, ముల్లు మధ్యలో నిలబడితేనే తీసేవాడు. బజారులో ఆ మాట అనిపించుకునేవాళ్ళు ఎంతమందున్నారో నాకు తెలుసు."

నాగలింగం కుర్చీలోంచి ముందుకు వంగాడు. ఏదైనా అనాలి. "ఒరే కొండలూ" అనబోయాడు. సుదర్శనంగారు వేలెత్తి, "మృతుడు మాట్లాడరాదు" అని హెచ్చరించి, కొండలరావు మాటలు రాసుకున్నారు.

జనం వెళ్తుండగా కొండలరావు పక్కకొచ్చి, చూపు కలపకుండానే అడిగాడు. "రేపు కొట్టు తెరుస్తావా?"

నాగలింగం తల ఊపాడు.

"తెరిస్తే ఆ మాటలన్నీ వెనక్కి. పోయినవాడి గురించి అన్నాను గాని, నీ గురించి కాదు" అని చెప్పి, రెండు గారెలు ఆకులో కట్టించుకుని వెళ్ళిపోయాడు.

'వజ్రశృంగం' కి పొంతన ధ్రువపత్రం వచ్చింది. రాష్ట్రంలో మొట్టమొదటి సంపూర్ణ పొంతన గల ఆట అది. అందులో ఇప్పుడు ఏ తప్పూ లేదు. వీరుడు మంచిరోజు కోసం ఎదురు చూస్తుంటాడు. రాకాసి కన్యారాశికి గ్రహస్థితి బాగాలేదని కోటలో కూర్చుంటాడు. శెట్టిగారు మాత్రం మైల తీరాక యథాప్రకారం కొట్టు తెరుస్తాడు, చచ్చినాయన చచ్చినట్టే. కొనడానికి రావలసినవాళ్ళే లేరు. మండలి తమ సాధనల పట్టికలో ఆ ఆట పేరు మొదట వేసుకుంది.

హిమజ మేడ ఖాళీ చేసి, కాకినాడ వెళ్ళిపోతూ చెప్పింది. "ఈసారి కథే లేని ఆట చేస్తున్నాను బాబాయిగారూ. రంగు గోళీలు పేల్చడం. గోళీలకి రాశి అడగలేరుగా."

"అడుగుతారమ్మా. ముందుగానే రాసిపెట్టుకో" అన్నాడు నాగలింగం. ఆట మీద అతను చెప్పిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే. ఆ మాట ఆమె తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

కొట్టు తెరిచాక నాగలింగం పెట్టుబడి లెక్క చూసుకున్నాడు. రెండో కొట్టు లేదు, ఇకముందు ఉంటుందన్న ఆశా లేదు. పదిరోజుల గిరాకీ ఎదురు కొట్టుకి అలవాటు పడింది. గోడౌను మేడకి అద్దెకొచ్చేవాడు లేడు. ధ్రువపత్రంతో పాటు మండలి పంపిన తనిఖీ నివేదిక నకలు ఒకటి మిగిలింది, రాజముద్రతో. దాని చివర ఇలా ఉంది: "పరమపదించిన శ్రీ గ్రంధి నాగలింగంగారి తూకము సరియైనదని ఎదుటి వ్యాపారి సభాముఖముగా చెప్పియున్నారు."

దానికి ఫ్రేము కట్టించి, తూకం మిషను పైన గోడకి తగిలించాడు. కొండలరావు ఎదురుగుండా నుంచి చూశాడు. గవర్నమెంటు ముద్ర పడింది గనక వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది.

ధవళేశ్వరం నుంచి ఒకావిడ ఇత్తడి బిందె కోసం వచ్చింది. నాలుగు బిందెలు వేలితో కొట్టి చూసి, ఒకటి ఎంచి, తల ఎత్తి ఫ్రేము చదివింది.

"అయ్యో, పోయారాండి శెట్టిగారు?"

"అలాగే రాశారమ్మా."

"పాపం. ఎదుటి కొట్టాయనే చెప్పాడంటే మాటలు కాదు." ఆవిడ నిట్టూర్చింది. "మీరేమవుతారండి ఆయనకి?"

నాగలింగం బిందె తూకం మీద పెట్టాడు.

"దగ్గరవాణ్ణేనమ్మా" అన్నాడు.

ఆవిడ తూకం మిషను వైపు చూడనే లేదు. అతను చెప్పినంతా లెక్కపెట్టి ఇచ్చి, బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో తూకం చూసుకోకుండా డబ్బిచ్చిన మొదటి మనిషి ఆవిడ. ఆటలో పెట్టింది పెట్టినట్టు పోయిందని ఒప్పేసుకుని, వచ్చిన లాభం కింద నాగలింగం ఆ ఒక్క బిందెనే వేసుకున్నాడు.